నాన్న ఇంట్లో లేనప్పుడు టీనేజ్ పిల్లలు, పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది బెంగళూరు రామమూర్తి నగర్‌లో, సొంతూరు మదనపల్లె. ఒక హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ రాస్తాను. బాబు ఈ ఏడాది సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) రాశాడు, పాప పదో తరగతిలోకి వచ్చింది. వాళ్ళ నాన్న 2021లో ఇల్లు వదిలి వెళ్ళారు. విడాకులు కాలేదు, వేరే ఊళ్ళో ఉంటారు, నెలకో రెండు నెలలకో ఒకసారి ఫోన్ చేస్తారు. ఈ సంగతి తెలిసిన తెలుగు ఆడవాళ్ళు ట్యూషన్ గేటు దగ్గరో, కూరగాయల బండి దగ్గరో నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఒకరి భర్త గల్ఫ్‌లో ఉంటారు, ఒకరిది నాలాంటి కథే, ఒకరికి ఆయనే లేరు. కారణాలు వేరైనా అడిగేవి మాత్రం దాదాపు ఇవే, అందుకే నాకు తెలిసినంతవరకు, నేను చేసిన తప్పులతో సహా, ఒకచోట రాసి పెడుతున్నాను.

పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలా, లేక "నాన్న పని మీద ఊరెళ్ళారు" అంటే సరిపోతుందా?

నేను ఐదు నెలలు అదే చెప్పాను. ప్రాజెక్టు పని, ఇప్పట్లో రాలేరు అని. ఒకరోజు బీరువా సర్దుతుంటే పాప పక్కన నిలబడి అడిగింది, "పని మీద వెళ్ళేవాళ్ళు డిగ్రీ సర్టిఫికెట్లు కూడా తీసుకెళ్తారా అమ్మా?" అని. దానికప్పుడు పదేళ్ళు. కింది అరలో ఆయన నీలం ఫైలు ఉండే చోటు ఖాళీగా ఉందని నాకంటే ముందే చూసి, అన్ని నెలలూ ఎవరికీ చెప్పకుండా మనసులో పెట్టుకుందన్నమాట.

పెద్దవాళ్ళ గొడవలన్నీ పిల్లల ముందు పరచాలని నేననను. ఎవరు ఎవర్ని ఏమన్నారో, డబ్బు ఎక్కడికి పోయిందో వాళ్ళకు అక్కర్లేదు. ఆయన మనతో ఉండటం లేదు, దానికి మీ ఇద్దరిలో ఎవరూ కారణం కాదు, మీతో మాట్లాడటానికి నేను అడ్డు చెప్పను, ఈ ఇల్లు ఇలాగే నడుస్తుంది, అంతవరకు చెప్తే చాలు. నేను ఆ సాయంత్రం వంటగదిలో కింద కూర్చుని ఇద్దరికీ ఆ నాలుగు మాటలే చెప్పాను. బాబు ఏమీ మాట్లాడలేదు. పాప మాత్రం, "అయితే వినాయక చవితికి కూడా రారా?" అని అడిగింది, రారు అని చెప్పాను.

"ఇంటికి మగదిక్కు ఇక నువ్వే" అని కొడుక్కి చెప్పడంలో తప్పేముంది? బాధ్యత తెలుస్తుంది కదా?

ఇంతమంది అడిగిన ప్రశ్న ఇంకొకటి లేదు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

మా వాడికి ఆ మాట నేను చెప్పలేదు. ఉగాదికి ఊరెళ్ళినప్పుడు మా పెద్దమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అమ్మను, చెల్లిని నువ్వే చూసుకోవాల నాయనా, మగదిక్కు నువ్వే ఇంక" అంది. ప్రేమతోనే అంది. అక్కడున్నవాళ్ళంతా తల ఊపారు, నేనూ ఊపాను. వాడికి అప్పుడు పదిహేనేళ్ళు. బెంగళూరు వచ్చిన మర్నాటి నుంచి రాత్రి పడుకునే ముందు తలుపు గడియ వేశామో లేదో రెండుసార్లు చూసేవాడు, గ్యాస్ ఆపానా అని అడిగేవాడు, చెల్లెలు ట్యూషన్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చెప్పులు వేసుకుని వీధి చివరికి పోయేవాడు. ఎంత బుద్ధిమంతుడయ్యాడో అని మురిసిపోయాను.

తర్వాత డబ్బు దగ్గర అసలు సంగతి బయటపడింది. ప్రతి నెలా మొదటి వారంలో ఇద్దరి ట్యూషన్ ఫీజులు కవర్లలో పెట్టి ఇస్తాను, మిగిలింది దేవుడి గూట్లో ఉన్న స్టీలు డబ్బాలో ఉంటుంది. ఒక నెల లెక్క చూస్తే డబ్బాలో రెండు వేలు ఎక్కువ ఉంది. పొద్దంతా అంకెలతో పని చేసేదాన్ని, నా లెక్క తప్పిందేమో అని రాత్రి మళ్ళీ ఎంచాను. తర్వాతి నెల నాలుగు వేలు ఎక్కువ తేలింది. మ్యాథ్స్ ట్యూషన్ మానేసి, నేనిచ్చిన ఫీజు కవర్ తిరిగి తెచ్చి ఆ డబ్బాలోనే వేస్తున్నాడు వాడు. ట్యూషన్ టైములో ఎక్కడికెళ్ళేవాడివిరా అంటే, చెరువు పక్కన పార్కులో కూర్చుని నేనే చదువుకున్నానమ్మా అన్నాడు. హాఫ్ ఇయర్లీలో మ్యాథ్స్‌లో నూటికి ముప్పై ఒకటి వచ్చింది.

తిట్టడానికి నోరు రాలేదు. వాడు తప్పు చేయలేదు, మేమందరం కలిసి నెత్తిన పెట్టిన పని చేశాడు. కుటుంబాన్ని నడిపేవాడికి త్రికోణమితి ముఖ్యమా, రెండు వేలు ముఖ్యమా? వాడి లెక్కలో రెండు వేలే.

మరుసటి ఆదివారం ఒక తెల్ల కాగితం మీద నా జీతం, ఇంటి అద్దె, ఫీజులు, కిరాణా, చీటీ కట్టే డబ్బు, బ్యాంకులో ఉన్నది, అన్నీ రాసి వాడి ముందు పెట్టాను. మన దగ్గర ఎంతుందో తెలియకపోతే పిల్లలు ఉన్నదానికంటే తక్కువే ఊహించుకుంటారు. వాడు ఆ కాగితం చాలాసేపు చూసి, "అయితే మనకు అప్పులేం లేవా?" అన్నాడు. అంతకాలం వాడి గుండెల్లో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నేనని అప్పుడు అర్థమైంది. ఇంటిని నడపడం నా పని, నువ్వు చేయాల్సింది చదువు, నీళ్ళ క్యాన్ పైకి మోయడం, నీ గిన్నె నువ్వు కడుక్కోవడం, అంతే అని చెప్పాను. మా పెద్దమ్మకు కూడా ఫోన్ చేసి, ఇంకెప్పుడూ వాడితో ఆ మాట అనొద్దని బతిమాలాను. కొంచెం నొచ్చుకుంది, అయినా మళ్ళీ అనలేదు.

కాబట్టి మీ ఇంట్లో కొడుకు ఉంటే, వాడు ఇంటి పనులు చేయాలి, తప్పకుండా చేయాలి, కూతురితో సమానంగా చేయాలి. కానీ తండ్రి కుర్చీలో వాడిని కూర్చోబెట్టకండి. అటు పెద్దపిల్ల ఉన్న ఇళ్ళలో "చెల్లికి అమ్మవి నువ్వే" అంటుంటారు, అదీ ఇలాంటిదే.

"మంచి ర్యాంకు తెచ్చుకో, మీ నాన్న సిగ్గుపడాలి" అంటే కసితో చదువుతారంటారు. నిజమేనా?

కొన్నాళ్ళు చదువుతారు. నేనూ ఒకసారి అన్నాను, బాబు పదో తరగతిలో ఉన్నప్పుడు. వారం రోజులు రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాడు. కానీ ఆలోచించండి, ర్యాంకు రాకపోతే? మామూలు పిల్లవాడికి మార్కులు తగ్గితే మార్కులే తగ్గుతాయి. వీడికి మాత్రం నాన్న దగ్గర ఓడిపోయినట్టు, అమ్మను ఓడించినట్టు కూడా అవుతుంది. ఒకవేళ ర్యాంకు వచ్చినా ఆయన ఫోన్ చేయకపోతే అప్పుడు ఆ పిల్లవాడు ఆ ర్యాంకును ఏం చేసుకోవాలి? మార్కుల కార్డులో మనం ఆయనకు రాసే జవాబు ఉండకూడదు. నేను ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని వాడికే చెప్పాను.

పీయూసీ, కేసీఈటీ, జేఈఈ, నీట్ అన్నీ మీద పడ్డాయి. ఒక్కదాన్నే చూసుకుంటున్నా, దేని మీద దృష్టి పెట్టించాలి?

ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఒకరు ఫారాలు, ఒకరు పిల్లల మూడ్ చూసుకుంటారు. మనకు రెండూ మనవే కాబట్టి పరీక్షల సంఖ్య తగ్గించుకోవడం మంచిది. మా వాడు ఇంజనీరింగ్ అనుకున్నాడు కాబట్టి పీయూసీ, కేసీఈటీ (కర్ణాటక రాష్ట్ర ప్రవేశ పరీక్ష) ప్రధానం, జేఈఈ మెయిన్ రాసి చూద్దాం అనుకున్నాం. కేసీఈటీలో ఇంజనీరింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఒక్కొక్కటి 60 మార్కులకు ఉంటాయి, తప్పు జవాబుకు మార్కులు కోయరు. ర్యాంకు లెక్కలో సగం బరువు సెకండ్ పీయూసీలో ఆ సబ్జెక్టుల మార్కులకు, సగం సీఈటీ మార్కులకు ఇస్తారు. అంటే బోర్డు పరీక్షకు చదివింది వృథా పోదు, ఈ ఒక్క సంగతి తెలిశాక మా ఇంట్లో సగం టెన్షన్ తగ్గింది. జేఈఈ మెయిన్ అలా కాదు, అందులో తప్పుకు ఒక మార్కు పోతుంది, కానీ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి రాయొచ్చు. డాక్టర్ చదువు అనుకునేవాళ్ళకు నీట్ ఒక్కటే దారి, 720 మార్కులు, అక్కడ సీఈటీ లెక్క పనికిరాదు.

ఒక్క పేపర్ పోతే ఏడాది పోయినట్టేనని మనకు మన కాలం భయం ఉంటుంది. కర్ణాటక బోర్డు 2024 నుంచి ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి), సెకండ్ పీయూసీ వాళ్ళకు అదే ఏడాదిలో మళ్ళీ రాసుకునే అవకాశం ఇస్తోంది, వాటిలో మంచి మార్కులే లెక్కలోకి వస్తాయి. సీబీఎస్‌ఈ కూడా 2026 నుంచి పదో తరగతికి రెండు పరీక్షలు పెట్టింది, మొదటిది అందరూ రాయాల్సిందే, రెండోదానిలో మూడు సబ్జెక్టుల దాకా మెరుగుపరుచుకోవచ్చు. ఈ సంగతి పరీక్షకు ముందే పిల్లలతో చెప్పండి. చెప్తే బద్ధకిస్తారని ట్యూషన్ సార్లు అంటారు, మా వాడు బద్ధకించలేదు, నిద్రపోయాడు.

ఆంధ్రాలో హాస్టల్లో వేసేయమని మా అన్నయ్య, వదిన అంటున్నారు. అక్కడైతే క్రమశిక్షణ ఉంటుందట. పంపాలా?

మా వాళ్ళూ అన్నారు. "నీకూ భారం తగ్గుతుంది" అన్నారు, అది మంచి మనసుతో అన్నదే. నేను పంపలేదు. ఆ కాలేజీలన్నీ చెడ్డవని కాదు. నాన్న వెళ్ళిపోయిన రెండో ఏడాదికే అమ్మ కూడా పెట్టె సర్ది పంపేస్తే పదిహేనేళ్ళవాడికి అది చదువు కోసం అనిపిస్తుందా? తండ్రి ఉద్యోగరీత్యా దూరంగా ఉండి, రోజూ మాట్లాడే ఇళ్ళలో సంగతి వేరు, పిల్లవాడు తానే అడిగి వెళ్తే ఇంకా వేరు.

కాగితాల సంగతి కూడా ఒకటుంది. కర్ణాటక కోటాలో సీటు కావాలంటే ఒకటో తరగతి నుంచి సెకండ్ పీయూసీ లోపల కనీసం ఏడేళ్ళు ఈ రాష్ట్రంలో చదివి ఉండాలి అనేది ముఖ్యమైన నిబంధన. దానితో పాటు ఇంకా షరతులు ఉంటాయి. మధ్యలో రాష్ట్రం మారిస్తే అటూ ఇటూ కాకుండా పోయే పిల్లలున్నారు. కేసీఈటీ నడిపే కేఈఏ వాళ్ళు ఏటా ఇచ్చే బ్రోషర్‌లో అర్హత పేజీ మీరే కూర్చుని చదివి, తర్వాతే నిర్ణయం తీసుకోండి. స్కూలు మారినప్పుడల్లా స్టడీ సర్టిఫికెట్ తీసి దాచుకోండి. ఆరేళ్ళ తర్వాత మూతపడిన నర్సరీ స్కూలు కోసం తిరిగిన తల్లిని నేను చూశాను.

ఫారాల్లో తండ్రి పేరు, సంతకం అడుగుతారు. ఆయన దొరకరు. ఏం చేయాలి?

మొదట ఒక మాట. తల్లి సంతకం తక్కువదేమీ కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అని ఉండేసరికి, తండ్రి బతికున్నంత కాలం తల్లికి హక్కు లేదనుకునేవాళ్ళు. గీతా హరిహరన్ అనే రచయిత్రి కొడుకు పేరు మీద రిజర్వ్ బ్యాంకు బాండ్లకు తాను సంతకం చేస్తే ఒప్పుకోలేదు, ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1999లో కోర్టు ఆ "తర్వాత" అనే మాటకు తండ్రి లేనప్పుడు, అంటే ఆయన పిల్లల బాధ్యత చూడని పరిస్థితిలో కూడా, తల్లే సహజ సంరక్షకురాలు అని అర్థం చెప్పింది. స్కూలు కౌంటర్‌లో ఈ కథంతా చెప్పనక్కర్లేదు, కానీ తెలిసుంటే గొంతు వణకదు.

పాస్‌పోర్టు ఫారంలో 2016 చివర్లో తెచ్చిన మార్పుల ప్రకారం తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఒకరి పేరు ఇస్తే చాలు. మైనర్ పిల్లల పాస్‌పోర్టుకు రెండోవారి అంగీకారం దొరకనప్పుడు అనెగ్జర్ సి అనే డిక్లరేషన్ ఇవ్వాలి. పాన్ కార్డుకు 2018 డిసెంబర్ నుంచి, తల్లి ఒంటరిగా పెంచుతుంటే, తల్లి పేరు మాత్రమే ఇచ్చే వీలుంది. ఇక స్కూలు, బోర్డు రికార్డుల్లో ఒకసారి పడిన తండ్రి పేరును కోపంతో తీయించాలని చూడకండి. పుట్టిన సర్టిఫికెట్‌లో, పదో తరగతి మార్కుల కార్డులో, ఆధార్‌లో పేర్లు అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉండటం పిల్లలకు ముఖ్యం. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం నాడకచేరికి (అవి ఇచ్చే ఇక్కడి రెవెన్యూ ఆఫీసు) వెళ్తే తండ్రి కాగితాలు అడగొచ్చు, ఆయన పాత టీసీ, ఆధార్ జిరాక్సులు ఇంట్లో ఉంటే ఒక కవర్‌లో పెట్టుకోండి. మా ఇంట్లో దానికి పసుపు రంగు ఫైలు ఉంది, పైన పాప "ఆఫీసు కాగితాలు" అని రాసింది.

పేరెంట్స్ మీటింగ్‌కు ఒక్కదాన్నే వెళ్తే అందరూ అదోలా చూస్తారు.

చూడనివ్వండి. నేను ముందురోజే క్లాస్ టీచర్‌కు ఒక మెసేజ్ పెడతాను, ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను, ఏదైనా నాకే ఫోన్ చేయండి, పిల్లల్ని క్లాసులో అందరి ముందు నాన్న గురించి అడగకండి అని. చాలామంది టీచర్లు అర్థం చేసుకున్నారు. ఒక స్కూల్లో మాత్రం "ఫాదర్‌ని తీసుకురా" అని బాబును రెండు రోజులు బయట నిలబెట్టారు, ఆ స్కూలు మార్చేశాను.

రాత్రి ఒంటిగంట దాకా మెలకువగా ఉంటారు. చదువుతున్నారో ఫోన్ చూస్తున్నారో తెలియదు.

రెండూ ఉంటాయి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు, ఈ వయసులో నిద్ర మత్తు తెచ్చే హార్మోను ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి పదింటికే పడుకోమంటే వాళ్ళకు నిజంగానే నిద్ర రాదు. తెల్లవారుజామున నాలుగుకు లేపి చదివించే మన పద్ధతి అందరికీ సరిపడదు.

ఫోన్ లాక్కోవడం నేను ఒకసారి చేశాను. తర్వాత తెలిసింది, పాప రాత్రిళ్ళు ఫోన్‌లో చూసేది వాళ్ళ నాన్న వాట్సాప్‌లో ఎప్పుడు ఆన్‌లైన్‌లోకి వచ్చారో అని. మెసేజ్ పెట్టేది కాదు, ఆ టైమ్ మాత్రం చూసి పడుకునేది. అందుకే చెప్తున్నాను, లాక్కునే ముందు ఏం చూస్తున్నారో మెల్లగా అడగండి. ఇప్పుడు మా ఇంట్లో పదిన్నరకు నా ఫోన్‌తో సహా మూడు ఫోన్లూ ఫ్రిజ్ మీద ఛార్జింగ్‌కు వెళ్తాయి. నాది కూడా పెట్టకపోతే వాళ్ళు పెట్టరు.

కొడుకు మాట్లాడటం మానేశాడు. అడిగితే "ఏం లేదు" అంటాడు. ఇది వయసా, ఇంకేదైనానా?

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏ మగపిల్లవాడూ చెప్పడు. మా వాడు స్కూటీ మీద వెనక కూర్చున్నప్పుడే మాట్లాడతాడు, ముఖాలు కనిపించవు కదా. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజుల్లోనే నాకు వాడి గురించి ఎక్కువ తెలిసింది. బట్టలు మడతపెట్టేటప్పుడు, బఠాణీలు ఒలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి, మీరు అడగకండి, వాడే అంటాడు.

కానీ తిండి బాగా తగ్గినా, స్నేహితుల్ని పూర్తిగా వదిలేసినా, వారాల తరబడి నిద్ర లేకపోయినా, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతే నీకు హాయి" లాంటి మాట ఒక్కసారి అన్నా, వయసులే అని వదిలేయొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని సూటిగా అడగొచ్చు, అడిగితే ఆ ఆలోచన కొత్తగా రాదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. ఈ ఊళ్ళో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి ఉంది, అక్కడ పిల్లలకు, టీనేజర్లకు విడిగా విభాగం ఉంది. అక్కడికి తీసుకెళ్తే పిచ్చి అని ముద్ర పడుతుందని భయపడే బంధువులను ఆ రోజుకు పక్కన పెట్టండి. జ్వరానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి ఎవర్నీ అడగం కదా.

కూతురు ఆయన వైపే మాట్లాడుతుంది. కష్టపడేది నేను, ప్రేమ అటు. తట్టుకోలేకపోతున్నా.

అక్కా, ఇది నాకూ జరిగింది. "నువ్వు అరుస్తావు కాబట్టే నాన్న వెళ్ళిపోయారు" అంది ఒకరోజు, గిన్నెలు కడుగుతున్న నా వీపు వెనక నిలబడి. కుళాయి కట్టేయకుండా అలాగే నిలబడిపోయాను. రోజూ కనిపించేవాళ్ళ మీదే కోపం చూపించగలరు, ఎందుకంటే మనం వెళ్ళిపోమని వాళ్ళకు తెలుసు. దూరంగా ఉన్నవాళ్ళ మీద కోపం చూపిస్తే ఆ వచ్చే ఒక్క ఫోనూ రాదేమో అని భయం. ఇది అర్థమైనా నొప్పి తగ్గదు, ఆ రాత్రి నేను బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. కానీ పాపకు ఎదురు జవాబు చెప్పలేదు, ఆయన తప్పుల చిట్టా విప్పలేదు. అందుకు ఈరోజుకీ నాకు సంతోషమే.

ఆయన డబ్బు పంపడం మానేశారు. పిల్లల చేత అడిగించొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. "ఫీజు కట్టాలి నాన్నా" అని పాప చేత ఒకసారి ఫోన్ చేయించాను, అటునుంచి ఏం వచ్చిందో నాకు వినపడలేదు, కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోరు కొరుక్కుంటూ కూర్చుంది. తర్వాత రెండు నెలలు ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పెద్దవాళ్ళ పని పెద్దవాళ్ళు, కోర్టు చూసుకోవాలి. భార్యకు, పిల్లలకు మనోవర్తి ఇప్పించే సెక్షన్ పాత చట్టం సీఆర్‌పీసీలో 125 ఉండేది, 2024 జూలై 1 నుంచి దాని చోటులో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ అనే చట్టంలో 144 అయింది. మీరుంటున్న ఊళ్ళోనే వేయొచ్చు, విడాకులు అయి ఉండనక్కర్లేదు. ఇద్దరూ ఆస్తి, ఆదాయం అఫిడవిట్ ఇవ్వాలని, దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్కగట్టాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, కాబట్టి ఆలస్యం చేసేకొద్దీ నష్టం మనకే, పైగా కొడుక్కి పద్దెనిమిది నిండితే లెక్క మారిపోతుంది. లాయర్ ఫీజు గురించి భయపడుతుంటే, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. నేను మూడేళ్ళు పరువు అనుకుంటూ కూర్చున్నాను, అది నేను చేసిన తప్పే.

పరీక్షల రోజుల్లో ఏం వండుతారు? ఆఫీసుకు కూడా వెళ్ళాలి కదా.

రోజూ తినేదే. కొత్త టానిక్కులు, కొత్త హోటల్ తిండి వద్దు. మా ఇంట్లో పొద్దున ఉగ్గాని లేదా ఇడ్లీ, చెనిగ్గింజల చట్నీ, మధ్యాహ్నం పప్పు, పెరుగన్నం. పరీక్ష పొద్దున బజ్జీలు మాత్రం అడిగినా చేయను.

పరీక్ష రోజు పొద్దున ఆయన ఫోన్ చేస్తే ఇవ్వాలా? చేయకపోతే పిల్లవాడు కుంగిపోతాడేమో?

ముందురోజు రాత్రే మీరు ఒక మెసేజ్ పెట్టండి, అభిమానం అడ్డొచ్చినా పెట్టండి. నేను ఇలా పెట్టాను: "రేపు బాబుకు ఫిజిక్స్. మాట్లాడాలనుకుంటే ఏడున్నర లోపు చేయండి, లేదంటే మధ్యాహ్నం రెండు తర్వాత." జవాబు రాలేదు, రెండు నీలం గీతలు మాత్రం పడ్డాయి. దీని గురించి బాబుకు చెప్పలేదు.

పొద్దున వాడు ప్లేటు పక్కన ఫోన్ పెట్టుకుని తిన్నాడు. ఏడున్నర అయింది, ఏడు నలభై అయింది. ఉగ్గాని సగం వదిలేశాడు. నేను హాల్ టికెట్, రెండు నీలం పెన్నులు, స్కేలు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, "ఫోన్ ఇంట్లోనే పెట్టెయ్, సెంటర్‌లో ఎలాగూ రానివ్వరు" అన్నాను. ఫ్రిజ్ మీద పెట్టేసి బూట్లు వేసుకున్నాడు. చెల్లెలు పరిగెత్తుకొచ్చి వాడి చేతిలో పెరుగు, చక్కెర స్పూను పెట్టింది.

సెంటర్ గేటు దగ్గర దించి నేను షాపుకు వెళ్ళాక, ఎనిమిదీ యాభైకి ఆయన ఫోన్ చేశారట. పాప ఎత్తింది. "అన్న వెళ్ళిపోయాడు నాన్నా. హాల్ టికెట్ తీసుకున్నాడు. తిన్నాడు. బాగానే చదివాడు" అని చెప్పిందట, సగం వదిలేశాడని చెప్పలేదట.

మధ్యాహ్నం నేను పర్మిషన్ పెట్టి ఇంటికొచ్చేసరికి వాడు వచ్చి ఉన్నాడు. పేపర్ ఎలా ఉంది అని అడగలేదు, అన్నం పెట్టాను. తిన్నాక ఫోన్ తీసుకుని మేడ మీదికి వెళ్ళాడు, పదిహేను నిమిషాలు రాలేదు. బట్టలు తెచ్చే వంకతో వెళ్ళి చూద్దామా అనిపించింది, వెళ్ళలేదు. దిగి వచ్చి, చేతులు తుడుచుకుంటున్న నా దగ్గర నిలబడి, "కెమిస్ట్రీ టెక్స్ట్‌బుక్ ఎక్కడ పెట్టావమ్మా?" అన్నాడు. దేవుడి గూటి పక్కన ఉంది, తీసి ఇచ్చాను.